డ్రాఫ్ట్ వేళ మన న్యూజెర్సీ జట్లు: జెయింట్స్, జెట్స్ అభిమాని ఆశలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ దగ్గర పడితే చాలు, ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చే స్నేహితులు, ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగువాళ్లు, ఫోన్‌లో విజయవాడ నుంచి మా బావగారు, అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. 2026 అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ ముందు వాటన్నిటికీ ఒకచోట జవాబులు రాస్తున్నాను. నేను జెయింట్స్ అభిమానిని, మా అబ్బాయి జెట్స్ అభిమాని. కాబట్టి రెండు జట్ల మీదా మా ఇంట్లో ఆశలున్నాయి.

ఫుట్‌బాల్ అంటే మన హైదరాబాద్‌లో ఆడే ఫుట్‌బాలేనా?

కాదండీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన రహీం గారి శిక్షణలో భారత్ నాలుగో స్థానం తెచ్చుకున్న ఆటను ఇక్కడ సాకర్ అంటారు. ఈ పేజీలో ఉన్నది అమెరికన్ ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, తలకు హెల్మెట్, జట్టుకు పదకొండు మంది. బంతిని చేత్తో విసురుతారు, పట్టుకుని పరిగెడతారు. ఈ ఆటలో 32 జట్లున్న పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్.

డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిదా?

అందరూ మొదట అలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఐపీఎల్ వేలంలో డబ్బు మాట్లాడుతుంది. ఎవరు ఎక్కువ పాడితే ఆటగాడు వాళ్లకే. డ్రాఫ్ట్‌లో పాట ఉండదు, వరుస ఉంటుంది. చిన్నప్పుడు గల్లీ క్రికెట్‌లో ఇద్దరు కెప్టెన్లు నిలబడి "నాకు వీడు, నీకు వాడు" అని ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని కోరుకునేవాళ్లం కదా, అదే పద్ధతి. ఇక్కడ కెప్టెన్లు 32 మంది, పిల్లలేమో కాలేజీ జట్ల నుంచి వచ్చే కుర్రాళ్లు.

ఇంకోలా చెప్పాలంటే ఎంసెట్ కౌన్సెలింగ్‌ను తలకిందులు చేసి చూడండి. అక్కడ మంచి ర్యాంకు వచ్చినవాడు ముందు కాలేజీని ఎంచుకుంటాడు. ఇక్కడ అందరికంటే వెనకబడిన జట్టు ముందుగా కుర్రాణ్ణి ఎంచుకుంటుంది. కుర్రాడికి మాత్రం ఏ ఊరు వెళ్లాలో చెప్పుకునే వీలుండదు. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తేనే డ్రాఫ్ట్‌కు అర్హత. మొత్తం ఏడు రౌండ్లు, మూడు రోజులు. 2025లో 257 మందిని ఎంచుకున్నారు. జట్టుకు దొరికే ఒక్కో అవకాశాన్ని పిక్ అంటారు.

ఓడిపోయిన జట్టుకే ముందు అవకాశం ఎందుకు?

1930లలో డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లందరినీ లాక్కుపోయేవి. మాటిమాటికీ ఓడే ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్, కింద ఉన్న జట్టుకు ముందు అవకాశం ఇద్దామని ప్రతిపాదించాడు. మిగతా యజమానులు ఒప్పుకున్నారు. మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్‌లో జరిగింది. ఆరోజు అందరికంటే ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. డ్రాఫ్ట్ గురించి కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు నేను ఈ కథతోనే మొదలుపెడతాను. మొదటి నంబర్ అనగానే అంతా అయిపోయిందనుకునే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పేరులో న్యూయార్క్ ఉంది కదా, అవి మన లోకల్ జట్లెలా అవుతాయి?

పేరు న్యూయార్క్‌దే, ఆట మాత్రం న్యూజెర్సీలో. రెండు జట్లూ ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని మెట్‌లైఫ్ స్టేడియంలోనే ఆడతాయి. 2010లో తెరిచిన ఈ స్టేడియంలో 82,500 మంది కూర్చోవచ్చు. దానికి ముందు పక్కనే ఉండే పాత జెయింట్స్ స్టేడియంలో ఆడేవి. ఎడిసన్, ఐజెలిన్, జెర్సీ సిటీ, పార్సిపనీల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఇంతకంటే దగ్గర జట్లు లేవు. ఓక్ ట్రీ రోడ్డులో దోసె తిని బయల్దేరితే ట్రాఫిక్ లేని రోజు ముప్పావు గంటలో పార్కింగ్‌లో ఉంటాం.

జెయింట్స్ 1925 నాటి జట్టు, నాలుగు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచింది. జెట్స్ 1960లో టైటన్స్ అనే పేరుతో పుట్టింది. 1969 జనవరి 12న జో నేమత్ ముందే గెలుస్తామని మాటిచ్చి బాల్టిమోర్ కోల్ట్స్‌ను 16-7తో ఓడించిన ఆ ఒక్క సూపర్ బౌలే ఇప్పటికీ జెట్స్ వాళ్ల ఆస్తి.

ఈసారి మన జట్లు ఏ వరుసలో ఉన్నాయి?

2025 సీజన్ రెండు జట్లకూ కష్టకాలమే. జెట్స్ 17 మ్యాచ్‌లలో మూడే గెలిచింది, అందుకే రెండో పిక్ వచ్చింది. జెయింట్స్ నాలుగు గెలిచి ఐదో పిక్ దగ్గర ఆగింది. ఇవి కాక, సీజన్ మధ్యలో చేసిన ట్రేడ్ (జట్ల మధ్య మార్పిడి) వల్ల ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఫస్ట్ రౌండ్ పిక్ కూడా జెట్స్ చేతికొచ్చింది. జెయింట్స్ మాత్రం కిందటి ఏడాది క్వార్టర్‌బ్యాక్ (జట్టును నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) జాక్సన్ డార్ట్ కోసం వరుసలో పైకి ఎగబాకినప్పుడు ఈ ఏడాది మూడో రౌండ్ పిక్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. రెండో రౌండ్ తర్వాత జెయింట్స్ అభిమానులు చాలాసేపు ఎదురుచూడాలి.

పిక్ కోసం మన జట్టు ఓడిపోవాలని కోరుకోవడం తప్పు కాదా?

నేనెప్పుడూ కోరుకోలేదు, కోరుకోను కూడా. అలా కోరుకునేవాళ్ల బాధ మాత్రం నాకు తెలుసు.

2020లో జెట్స్ వరుసగా 13 మ్యాచ్‌లు ఓడింది. ఇంకో మూడు ఓడితే క్లెమ్సన్ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ మనవాడే అని ఊరంతా అనుకుంటున్నారు. అలాంటప్పుడు డిసెంబర్ 20న లాస్ ఏంజెలిస్ వెళ్లి రామ్స్‌ను ఓడించింది, వారం తర్వాత క్లీవ్‌లాండ్‌నూ ఓడించింది. మొదటి పిక్ జాక్సన్‌విల్‌కు పోయింది. రెండో పిక్‌తో తెచ్చుకున్న జాక్ విల్సన్ మూడు సీజన్లకే వెళ్లిపోయాడు. రామ్స్ మీద గెలిచిన ఆ సాయంత్రం మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. సోఫా మీద ఎగిరి గంతులేశాడు. టీవీలో పెద్దవాళ్లు తలలు పట్టుకుంటుంటే "నాన్నా, మనం గెలిచాం కదా, వీళ్లెందుకు ఏడుస్తున్నారు?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఓటమిని కోరుకునే మాట రాకూడదని నియమం పెట్టుకున్నాం.

ఈసారి జెయింట్స్ కూడా చివరి రెండు మ్యాచ్‌లు గెలిచి మొదటి స్థానాల నుంచి ఐదుకు జారింది. ఆ రెండు రోజులూ నేను సంతోషంగానే నిద్రపోయాను. మైదానంలో దెబ్బలు తింటున్న కుర్రాళ్లకు వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌తో పనిలేదు. వాళ్లలో చాలామంది ఉద్యోగాలు ఆ మ్యాచ్‌ల మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంతకీ మీరు ఎవరిని కోరుకుంటున్నారు?

లైన్‌మన్‌లను. ఏళ్లుగా నా పాట ఇదే.

ఆట మొదలయ్యే చోట, క్వార్టర్‌బ్యాక్‌కు ముందు, ఐదుగురు భారీ మనుషులు వరుసగా నిలబడతారు. వీళ్ల పేర్లు కామెంటేటర్ నోట రావు, తప్పు చేస్తే తప్ప. వీళ్లు గోడలా నిలబడితే వెనకున్న కుర్రాడికి మూడు క్షణాలు దొరుకుతాయి, ఆ మూడు క్షణాల్లోనే ఆటంతా ఉంది. గోడ కూలితే ఎంత గొప్ప చెయ్యి ఉన్న క్వార్టర్‌బ్యాకైనా నేల మీద ఉంటాడు.

జెట్స్ చివరిసారి బాగా ఆడిన రోజులు గుర్తు చేసుకోండి. 2006 డ్రాఫ్ట్‌లో నాలుగో పిక్‌తో డబ్రికషా ఫెర్గూసన్‌ను, 29వ పిక్‌తో నిక్ మాంగోల్డ్‌ను తీసుకుంది. ఇద్దరూ లైన్‌మన్‌లే. ఆ రాత్రి ఎవరూ పెద్దగా పండగ చేసుకోలేదు. ఫెర్గూసన్ పదేళ్లలో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు, వరుసగా 160 మ్యాచ్‌లలో మొదటినుంచీ ఆడాడు. మాంగోల్డ్ మధ్యలో, సెంటర్‌గా నిలబడి లైన్ మొత్తాన్ని నడిపాడు. వీళ్ల వెనక నుంచి 2009లో జెట్స్ లీగ్‌లోనే అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తింది. 2009, 2010 సీజన్లలో సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరం వరకు వెళ్లింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు. మాంగోల్డ్ 2025 అక్టోబర్‌లో, 41 ఏళ్లకే కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆ వారం మా అబ్బాయి అతని 74వ నంబర్ జెర్సీ వేసుకుని స్కూలుకెళ్లాడు. వాడు మాంగోల్డ్ ఆట ఎదిగాక చూడలేదు. అయినా సెంటర్ అంటే ఎవరో వాడికి తెలుసని గర్వపడ్డాను.

జెయింట్స్ సంగతి ఇంకా బాగుంటుంది. 2008 ఫిబ్రవరిలో అప్పటిదాకా ఓటమెరుగని న్యూ ఇంగ్లాండ్‌ను 17-14తో ఓడించిన జట్టు లైన్ చూడండి. డేవిడ్ డీల్ ఐదో రౌండ్‌లో వచ్చాడు. రిచ్ సూబర్ట్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. న్యూజెర్సీలోనే పెరిగి రట్గర్స్‌లో చదివిన షాన్ ఓహారానూ ఎవరూ తీసుకోలేదు. క్రిస్ స్నీ రెండో రౌండ్. కరీమ్ మెకెంజీ కూడా న్యూజెర్సీ వాడే, అతన్ని 2001లో మూడో రౌండ్‌లో తెచ్చుకున్నది జెట్స్. ఐదుగురిలో ఒక్కరూ ఫస్ట్ రౌండ్ వాళ్లు కారు. అంటే మంచి లైన్ కట్టాలంటే పెద్ద పిక్కే కావాలని కాదు, చూసే కన్ను కావాలి, కలిపి ఉంచే ఓపిక కావాలి.

అందుకే ఈసారి జెయింట్స్ ఐదో పిక్‌తో మయామి టాకిల్ (లైన్‌లో చివర నిలబడేవాడు) ఫ్రాన్సిస్ మావిగోవా లేదా యూటా టాకిల్ స్పెన్సర్ ఫానో వస్తే నేను లేచి చప్పట్లు కొడతాను. ఎడమవైపు ఆండ్రూ థామస్ ఉన్నాడు. 2022లో ఏడో పిక్‌తో తెచ్చిన ఇవాన్ నీల్ నిలబడలేకపోవడంతో కుడివైపు కోసం వెతుకులాట సాగుతూనే ఉంది.

జెట్స్ లైన్‌కు మాత్రం ఇప్పుడు కుర్రాళ్లున్నారు. 2024లో 11వ పిక్ ఒలు ఫషానూ, 2025లో 7వ పిక్ ఆర్మండ్ మెంబూ. అక్కడ నా కోరిక వేరు. 2025 సీజన్ మొత్తంలో జెట్స్ ప్రత్యర్థి విసిరిన బంతిని ఒక్కటి కూడా పట్టుకోలేదు. 17 మ్యాచ్‌లలో ఒక్క ఇంటర్సెప్షన్ లేదు, లీగ్ చరిత్రలో ఏ జట్టుకూ ఇలా జరగలేదు. ఒహాయో స్టేట్ సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా కాసేవాడు) కేలెబ్ డౌన్స్ లాంటి, బంతి ఎటు వెళ్తుందో ముందే పసిగట్టే కుర్రాడు వస్తే మా అబ్బాయి ఆ రాత్రి నిద్రపోడు. సేఫ్టీకి అంత పెద్ద పిక్ ఎవరిస్తారని నిపుణులు అంటారు. వాళ్ల లెక్క వాళ్లది.

క్వార్టర్‌బ్యాక్ అక్కర్లేదా?

కావాలి, తప్పకుండా. తెచ్చాక వాణ్ణి నిలబెట్టాలి కూడా. జెట్స్ మీద నాకున్న పెద్ద బాధ ఇక్కడే.

2013లో రెండో రౌండ్‌లో జీనో స్మిత్ వచ్చాడు. కొన్నేళ్లకు వెళ్లిపోయాడు. 2022లో సియాటిల్‌లో ఆడుతూ కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు అందుకున్నాడు. 2018లో మూడో పిక్‌తో సామ్ డార్నాల్డ్ వచ్చాడు, అప్పటికి అతనికి 20 ఏళ్లు. మూడేళ్లలో ఇద్దరు హెడ్ కోచ్‌లు మారారు, లైన్ ఎప్పుడూ కుదురుకోలేదు. 2021లో వేరే జట్టుకు పంపేశారు. అదే డార్నాల్డ్ 2024లో మిన్నెసోటాకు 14 విజయాలు తెచ్చాడు, 2026 ఫిబ్రవరిలో సియాటిల్ తరఫున సూపర్ బౌల్ గెలిచాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. మనం వదిలేసిన బిడ్డ పక్కూళ్లో పెద్దవాడైనట్టు అనిపించింది. సంతోషమూ ఉంది, గుండెలో ముల్లూ ఉంది.

జెయింట్స్ 2004లో ఏం చేసిందో చూడండి. నాలుగో పిక్‌తో ఫిలిప్ రివర్స్‌ను తీసుకుని, అతనితోపాటు మరికొన్ని పిక్‌లు శాన్ డియేగోకు ఇచ్చి ఎలై మానింగ్‌ను తెచ్చుకుంది. మొదటి ఏడాది ఎలై ఏడు మ్యాచ్‌లలో మొదటినుంచీ ఆడి ఒక్కటే గెలిచాడు. అప్పుడే మార్చేసి ఉంటే రెండు సూపర్ బౌల్‌లు ఉండేవి కావు. ఆ రెండింటిలోనూ మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అతనే. జాక్సన్ డార్ట్ విషయంలోనూ నా విన్నపం ఇదే. 2025లో 25వ పిక్‌తో వచ్చిన ఈ కుర్రాడు అక్టోబర్ 9న ఈగల్స్‌ను 34-17తో ఓడించిన రాత్రి స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఇప్పుడు జాన్ హార్బా హెడ్ కోచ్‌గా వచ్చాడు, బాల్టిమోర్‌లో 18 సీజన్లు నిలదొక్కుకున్న మనిషి. ఇద్దరినీ కొన్నేళ్లు కదపకుండా ఉంచాలి.

సాస్ గార్డ్‌నర్‌ను అమ్మేసిన జట్టు మీద ఆశ ఎలా పెట్టుకోవాలి?

2025 నవంబర్ 4న ఒకే రోజు జెట్స్ ఇద్దరు పెద్ద ఆటగాళ్లను పంపేసింది. కార్నర్‌బ్యాక్ (ప్రత్యర్థి బంతి అందుకోకుండా అడ్డుపడేవాడు) సాస్ గార్డ్‌నర్ కోల్ట్స్‌కు, డిఫెన్స్ మధ్యలో కొండలా ఉండే క్విన్నెన్ విలియమ్స్ డాలస్ కౌబాయ్స్‌కు. బదులుగా కోల్ట్స్ నుంచి 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, డాలస్ నుంచి 2026 రెండో రౌండ్, 2027 ఫస్ట్ రౌండ్ పిక్‌లు వచ్చాయి. ఇవి కాక ఇద్దరు ఆటగాళ్లు కూడా వచ్చారు.

మా అబ్బాయి ఆ సాయంత్రం ఏమీ తినలేదు. 2022 డ్రాఫ్ట్‌ను వాడు నాతో కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూశాడు. నాలుగో పిక్ సాస్, పదో పిక్ గారెట్ విల్సన్. ఆ ఏడాది డిఫెన్స్‌లో, అఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాళ్ల అవార్డులు రెండూ వీళ్లకే వచ్చాయి. వాడి దృష్టిలో సాస్ "మనం ఎంచుకున్న" కుర్రాడు. పిక్‌ల లెక్క చెప్పి ఆ బాధ తీర్చలేం. అయినా లెక్క చూస్తే నాకు ఆశే కనిపిస్తోంది. సొంత పిక్‌లతో కలిపి రెండేళ్లలో ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు. కట్టేవాడు సరైనవాడైతే కొత్త ఇల్లు కట్టుకోవడానికి సరిపడా సామాను అది.

డ్రాఫ్ట్ రోజు అభిమానులు సొంత జట్టునే ఎందుకు గేలి చేస్తారు?

మన ఊరి జట్ల అభిమానులకు ఇందులో పాత చరిత్ర ఉంది. 1965 నుంచి 2014 వరకు డ్రాఫ్ట్ న్యూయార్క్‌లోనే జరిగేది కాబట్టి హాలు నిండా మనవాళ్లే ఉండేవాళ్లు. 1979లో మోర్‌హెడ్ స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి ఫిల్ సిమ్స్‌ను జెయింట్స్ ఎంచుకుంటే బూ అన్నారు. అతనే తర్వాత సూపర్ బౌల్‌లో 25 బంతులు విసిరితే 22 తోటివాళ్ల చేతికి చేర్చి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అయ్యాడు. 1995లో జెట్స్ అభిమానులు వారెన్ సాప్ కావాలని అరుస్తుంటే కైల్ బ్రేడీ పేరు చదివారు. ఆసారి అరిచినవాళ్లే నిజమయ్యారు, సాప్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. 2019లో బూలు తినడం జెయింట్స్ ఎంచుకున్న డేనియల్ జోన్స్ వంతు.

నా మటుకు నాకు బూ అనడం నచ్చదు. వేదిక మీదకు వచ్చే కుర్రాడికి 21, 22 ఏళ్లుంటాయి. పక్కన అమ్మ కొత్త బట్టలు కట్టుకుని నిలబడి ఉంటుంది. కోపముంటే ఎంచుకున్న పెద్దవాళ్ల మీద చూపించండి.

ఎవరూ ఎంచుకోని కుర్రాళ్ల సంగతేంటి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. ఏడో రౌండ్ ముగిసిన క్షణం నుంచి ఫోన్లు మోగుతాయి. పేరు వినిపించని కుర్రాళ్లను జట్లు నేరుగా పిలిచి చిన్న ఒప్పందాలు ఇస్తాయి. చాలామంది టీవీ కట్టేసి పడుకునే సమయానికి అసలు వేట మొదలవుతుంది.

1995లో కైల్ బ్రేడీ కోసం గొడవ జరిగిందని చెప్పాను కదా. అదే ఏడాది న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌కు చెందిన వేన్ క్రెబెట్‌ను డ్రాఫ్ట్‌లో ఒక్కరూ తీసుకోలేదు. ఆ ఊరు స్టేడియానికి కొన్ని మైళ్ల దూరమే. జెట్స్ పిలిచింది. 11 సీజన్లు ఆడి 580 బంతులు పట్టాడు.

ఇక విక్టర్ క్రూజ్. ప్యాటర్సన్‌లో పుట్టాడు. 2010లో ఎవరూ తీసుకోకపోతే జెయింట్స్ పిలిచింది. 2011 డిసెంబర్ 24న మన రెండు జట్లూ ఒకదానితో ఒకటి ఆడాయి. నేను అమెరికా వచ్చాక స్టేడియంలో చూసిన మొదటి మ్యాచ్ అదే, స్నేహితుడి దగ్గర టికెట్ మిగిలితే వెళ్లాను, ఆట సగం కూడా అర్థం కాలేదు. జెయింట్స్ తన గోల్ లైన్‌కు ఒక్క గజం దూరంలో ఇరుక్కుపోయి ఉంది. ఎలై విసిరాడు. క్రూజ్ పట్టుకుని ఇద్దరిని తప్పించుకుని మైదానం చివరిదాకా పరిగెత్తాడు. 99 గజాలు. ఆ తర్వాత వాళ్ల అమ్మమ్మ నేర్పిన సల్సా డాన్స్ వేశాడు. నా పక్కన ముక్కూమొహం తెలియని పెద్దాయన నన్ను కావలించుకున్నాడు. 29-14తో గెలిచిన ఆ జట్టు ఆరు వారాల తర్వాత సూపర్ బౌల్ కూడా గెలిచింది. నేను జెయింట్స్ అభిమానినైంది ఆ రోజే.

ఈసారి కూడా శనివారం రాత్రి ఫోన్లు మోగేటప్పుడు రట్గర్స్ కుర్రాడో, ప్యాటర్సన్, నెవార్క్ లాంటి ఊళ్ల కుర్రాడో మన జట్లలో చేరాలని కోరుకుంటాను.

మనం ఎంచుకున్నవాడు వేరే జట్టుకు వెళ్లి వెలిగితే?

బాధే. 2018లో జెయింట్స్‌కు రెండో పిక్‌గా వచ్చిన సాక్వాన్ బార్క్లీ 2024లో ఈగల్స్‌కు వెళ్లి ఆ సీజన్‌లోనే 2,005 గజాలు పరిగెత్తి సూపర్ బౌల్ గెలిచాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

డ్రాఫ్ట్ ఎప్పుడు, ఎక్కడ? ఇండియాలో ఎన్ని గంటలకు?

2026 ఏప్రిల్ 23, 24, 25 తేదీల్లో పిట్స్‌బర్గ్‌లో. మనకు పిట్స్‌బర్గ్ అంటే పెన్ హిల్స్ కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి. 1970లలో కట్టిన ఈ గుడికి న్యూజెర్సీ నుంచి ఎన్ని తెలుగు కుటుంబాలు వెళ్తాయో మీకు తెలిసిందే. ఎడిసన్ నుంచి ఐదారు గంటల డ్రైవ్. మేం గురువారం సాయంత్రం డ్రాఫ్ట్ చూసి, శుక్రవారం పొద్దున స్వామి దర్శనం చేసుకుని, మళ్లీ రెండో రౌండ్‌కు నది ఒడ్డుకు వెళ్దామని అనుకుంటున్నాం. ప్రవేశం ఉచితం, ముందుగా ఎన్‌ఎఫ్‌ఎల్ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి. జనం మాత్రం విపరీతం. 2024లో డెట్రాయిట్‌కు మూడు రోజుల్లో ఏడు లక్షలకు పైగా వచ్చారు. చిన్నపిల్లలు ఉంటే ఇంట్లో టీవీలో చూడటమే హాయి.

ఫస్ట్ రౌండ్ ఇక్కడ గురువారం రాత్రి 8 గంటలకు, అంటే ఇండియాలో శుక్రవారం తెల్లవారి 5:30కి. విజయవాడలో మా బావగారు కాఫీ కలుపుకుని ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఆయనకు ఆట రాదు, మేనల్లుడి జట్టు ఎవరిని తెచ్చుకుందో తెలిస్తే చాలు.

పిల్లలతో కలిసి చూడాలంటే ఏం చేయాలి?

పేర్లన్నీ నేర్పించక్కర్లేదు. కాగితం మీద వాళ్లకు నచ్చిన ముగ్గురి పేర్లు, ఎందుకు నచ్చారో ఒక వాక్యం రాయించండి. మా ఇంట్లో 2022 కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. పిక్‌కు పిక్‌కు మధ్య చాలా సమయం ఉంటుంది. 2025 వరకు ఫస్ట్ రౌండ్‌లో జట్టుకు పది నిమిషాలు ఇచ్చేవాళ్లు. ఆ ఖాళీలో పిల్లలు చాలా మాట్లాడతారు, మామూలు రోజుల్లో చెప్పని స్కూలు సంగతులు కూడా. స్నాక్స్ ముందే చేసి పెట్టుకోండి. ట్రేడ్ జరిగితే వరుస మారిపోతుంది, అప్పుడు వంటింట్లో ఉంటే మనవాడి పేరు మిస్సవుతాం.

మర్నాడే డ్రాఫ్ట్‌కు మార్కులు వేస్తుంటారు. నమ్మొచ్చా?

చదవడానికి సరదాగా ఉంటాయి. మూడేళ్లయితే గానీ ఏ డ్రాఫ్ట్ ఎలాంటిదో తెలియదు. ఏడు సూపర్ బౌల్‌లు గెలిచిన టామ్ బ్రేడీ 199వ పిక్. జెట్స్ తరఫున హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లిన జో క్లెకో ఆరో రౌండ్.

రెండు జట్లనూ ఒకేసారి అభిమానించవచ్చా?

ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు కుదరదంటారు. తాతల కాలం నుంచి ఒకే జట్టు పట్టుకున్న కుటుంబాలు వాళ్లవి, వాళ్ల మాట నాకు గౌరవమే. మనం వేరే దారిలో వచ్చాం. నేను జట్టును క్రూజ్ వల్ల ఎంచుకున్నాను, మా అబ్బాయి స్కూల్లో పక్క బెంచీ స్నేహితుడి వల్ల ఎంచుకున్నాడు. రెండు జట్లూ వేర్వేరు కాన్ఫరెన్సుల్లో (లీగ్‌లోని రెండు భాగాలు) ఉన్నాయి కాబట్టి సీజన్‌లో మామూలుగా నాలుగేళ్లకోసారి మాత్రమే తలపడతాయి. మిగతా రోజుల్లో వాడి గెలుపు నాకు నష్టం కాదు. డ్రాఫ్ట్ రోజయితే అసలే పోటీ లేదు. వాడి రెండో పిక్ పేరు చదివేటప్పుడు నేను వాడి చెయ్యి పట్టుకుంటాను, నా ఐదో పిక్ వచ్చేసరికి వాడు నా పక్కకు జరుగుతాడు.

ఈసారీ ఆశ ఫలించకపోతే?

2027 డ్రాఫ్ట్ వాషింగ్టన్ డీసీలో, నేషనల్ మాల్ మీద జరుగుతుంది. ఎడిసన్ నుంచి నాలుగు గంటల లోపు ప్రయాణం. జెట్స్ చేతిలో అప్పుడు మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఉంటాయని మా అబ్బాయి క్యాలెండర్‌లో ఇప్పుడే రాసిపెట్టాడు. దాని కింద నేను చిన్న అక్షరాలతో "టాకిల్" అని రాశాను.